పాతబస్తీ మెట్రో గోడల మీద పాతబస్తీ మనుషులు కనిపించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పాతబస్తీకి వస్తున్న మెట్రో స్టేషన్ల గోడల గురించి ఒక విన్నపం చేద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ఆలోచన నాకు అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ అనే ఎడారి ఊళ్ళో కలిగింది కాబట్టి ముందు ఆ ఊరి సంగతి కాస్త వివరంగా చెప్పక తప్పదు. ఉత్తరం పొడుగైంది, వీలైతే కుదించకుండా వేయండి.

మా అమ్మాయి అక్కడ ఉంటుంది. టూసాన్ జనాభా 5 లక్షల పైచిలుకు, హైదరాబాద్ ముందు చిన్న ఊరే. 1775లో స్పెయిన్ సైన్యం కట్టుకున్న కోట చుట్టూ పెరిగింది, తర్వాత మెక్సికో చేతికి, అక్కడి నుంచి అమెరికా చేతికి వచ్చింది. ఏడాది మొత్తం కురిసే వాన 300 మిల్లీమీటర్లు కూడా ఉండదు, మనకు దాదాపు 800 పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. శాంటా క్రూజ్ అనే నది ఉంది గానీ ఎక్కువ కాలం అందులో కనిపించేది ఇసుకే. జూలైలో వానలు మొదలైతే వాళ్ళూ మాన్సూన్ అనే అంటారు, ఆ మాట విని నాకు భలే సంతోషమేసింది.

ఎడారి ఊరు కదా, చూడ్డానికి ఏముంటుందిలే అనుకుంటాం. కానీ కారు దిగి నడవడం మొదలుపెడితే గోడలే చూపిస్తాయి ఊరంతా. ఇళ్ళూ షాపులూ ఎత్తు తక్కువ, గోడలు పొడుగు, వాటికి అడ్డంగా చెట్లు గానీ ఫ్లెక్సీలు గానీ లేవు. ఒక ప్లంబింగ్ సామాను అమ్మే షాపు గోడ మీద రాక్ మార్టినెజ్ అనే చిత్రకారుడు అగావే మొక్కల దేవతను వేశాడు, మెడ పైకెత్తి చూడాల్సిందే. జో పగాక్ అనే ఇంకొకాయన వేసిన గోడ మీద మనుషులతో పాటు ఎడారిలోని తాబేలు, కుందేలు, అడవిపందిలా ఉండే హావలీనా కూడా సైకిళ్ళ మీద పోతుంటాయి. 2016లో ఊరి నడిబొడ్డున ఒక కార్యక్రమం పెట్టి ఒకేసారి ఎనిమిది గోడలకు బొమ్మలు వేయించారట, అప్పటి నుంచి ఈ ఊపు ఇంకా పెరిగింది. అలాగని ఇదంతా ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ కాదు. ఎల్ రియో అనే పేటలో 1970లో మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు మాకూ ఒక పార్కు, ఒక కమ్యూనిటీ సెంటర్ కావాలని వీధికెక్కి పోరాడి సాధించుకున్నాయి. అలా వచ్చిన సెంటర్ గోడల మీద ఆంటోనియో పాజోస్, డేవిడ్ టినియో లాంటి వాళ్ళు తమ చరిత్రను బొమ్మలుగా వేశారు. పోరాడి తెచ్చుకున్న గోడ కాబట్టి దాని మీద ఏముండాలన్నది కూడా ఆ పేట వాళ్ళే తేల్చుకున్నారు. నాకు ఈ సంగతి బొమ్మల కన్నా ఎక్కువ నచ్చింది.

రాటిల్‌స్నేక్ ఆకారంలో ఒక కాలినడక వంతెన కూడా ఉంది, నోట్లో దూరి తోక దగ్గర బయటికి రావాలి. పిల్లలకు బాగా నచ్చుతుంది, నాకు అంతగా పట్టలేదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం రంగులు వేసిన గోడలు కాదు, టైల్స్ అతికించిన గోడలు. బ్రాడ్‌వే అనే పెద్ద రోడ్డు ఊరి మధ్యలోకి వచ్చేటప్పుడు ఒక అండర్‌పాస్ కింద నుంచి వెళ్తుంది. దాని గోడల నిండా నలుపు తెలుపు మనుషులు, నిలువెత్తు కన్నా పెద్దగా, నడుస్తూ ఉంటారు. చేతిసంచులతో ఆడవాళ్ళు, టోపీ పెట్టుకున్న మగవాళ్ళు. వీళ్ళెవరూ పేరున్న వాళ్ళు కారు. 1930ల చివరి నుంచి 1960ల మొదటి వరకూ టూసాన్ బజారులో వీధి ఫోటోగ్రాఫర్లు ఉండేవారట, నడిచిపోయే వాళ్ళను క్లిక్కుమనిపించి చీటీ చేతిలో పెట్టేవారు, ఆ చీటీ తీసుకెళ్ళి డబ్బు కడితే ఫోటో ఇచ్చేవారు. ఇళ్ళల్లో ఆల్బమ్‌ల్లో పడి ఉన్న ఆ ఫోటోలను స్టీఫెన్ ఫార్లీ అనే కళాకారుడు జనం దగ్గర సేకరించి, పెద్దవి చేసి, టైల్స్ మీదకు ఎక్కించి, గ్లేజు, అంటే గాజు పూత, వేసి బట్టీలో కాల్చే పద్ధతి ఒకటి తయారు చేసుకుని, 1999లో ఆ గోడలకు అమర్చాడు. ఫోటోల్లో ఉన్నదెవరో, వాళ్ళ కథేంటో కూడా కనుక్కుని రాసి పెట్టాడు. ఆయన తర్వాత రాష్ట్ర సెనేటర్ కూడా అయ్యాడు.

అక్కడికి కొద్ది దూరంలోనే ఫోర్త్ ఎవెన్యూ అండర్‌పాస్ ఉంది. 1916 నాటి పాతదాన్ని తీసేసి 2009లో కొత్తది తెరిచారు, దాని గోడల మీద వేలాది టూసాన్ వాళ్ళ ముఖాలు చిన్న చిన్న టైల్స్‌గా అతికి ఉన్నాయి. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఊరంతా తిరిగి, వచ్చిన వాళ్ళనల్లా ఫోటో తీశారు. పిల్లలు, ముసలివాళ్ళు, కుక్కను ఎత్తుకున్నవాళ్ళు, నాలుక బయటపెట్టినవాళ్ళు. నేను చూస్తుండగా ఒక పెద్దావిడ మనవడిని ఎత్తుకుని ఒక టైల్ మీద వేలు పెట్టి చూపిస్తోంది. ఆమె ఏం చెబుతోందో అడగాల్సిన పని లేదు.

బ్రాడ్‌వే గోడ మీద నడిచే మనుషుల వెనక ఒక బాధ ఉంది, అది తెలిశాకే నాకు పాతబస్తీ గుర్తొచ్చింది. 1960ల చివర్లో టూసాన్ నడిబొడ్డున మెక్సికన్, చైనీస్, నల్లజాతి కుటుంబాలు తరాలుగా ఉంటున్న మట్టి ఇళ్ళ పేటలను అభివృద్ధి పేరుతో పడగొట్టారు. దాదాపు 80 ఎకరాలు నేలమట్టం చేసి అక్కడ కన్వెన్షన్ సెంటర్ కట్టారు, 1971లో అది తెరిచారు. అంటే గోడ మీదున్న వాళ్ళు నడిచిన బజారు, వాళ్ళు వెళ్తున్న ఇళ్ళు చాలా వరకు ఇప్పుడు లేవు. పోయింది పోయాక, ముప్పై ఏళ్ళ తర్వాత ఒక కళాకారుడు ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు ఏరుకోవలసి వచ్చింది. మనకు ఆ పని ఇంకా చేతిలో ఉండగానే చేసుకునే వీలుంది, నా ఉత్తరం అంతా ఈ ఒక్క మాట కోసమే.

మన సంగతికి వస్తాను. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం ఆస్తుల సేకరణ, కూల్చివేతలు మొదలయ్యాయి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, షంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా వెళ్తుంది ఈ దారి. ఈ పేర్లు చదివితేనే సగం హైదరాబాద్ చరిత్ర చదివినట్టు. నేను మెట్రోకు వ్యతిరేకం కాదు, పాతబస్తీ వాళ్ళు దానికోసం ఎన్నేళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు, మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు శాలిబండలోనే, ఫలక్‌నుమా నుంచి ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు రోజూ బస్సుల్లో పడే అవస్థ చూస్తూనే ఉన్నాను. రోడ్డు వెడల్పు చేయక తప్పదు. కానీ వెడల్పు చేసేటప్పుడు ముందుగా పోయేది రోడ్డు మీది మొహమే. చెక్క బాల్కనీలు, కమాను గుమ్మాలు, తెలుగు ఉర్దూ ఇంగ్లీషు మూడింటిలో రాసిన పాత బోర్డులు, వాటి కింద ముప్పై నలభై ఏళ్ళుగా అదే అరుగు మీద కూర్చున్న షాపు యజమానులు. పరిహారం డబ్బు వాళ్ళకు అందుతుంది, అందాలి. మరి వాళ్ళు అక్కడ ఉన్నారన్న గుర్తు ఎక్కడుంటుంది?

సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా పేర్లతో స్టేషన్లు వస్తాయని చెప్పారు. ఆ స్టేషన్ల మెట్ల పక్క గోడల మీద, లోపల టికెట్లు తీసుకునే హాలు గోడల మీద, ఆ రోడ్డు మీద బతికిన కుటుంబాల ఫోటోలను టైల్స్‌గా కాల్చి పెట్టాలని నా విన్నపం. ప్రకటనల బోర్డులకు ఇచ్చే గోడల్లో కొన్నయినా దీనికి వదలాలి.

రంగులే వేయించవచ్చు కదా, టైల్స్ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు మన ఊళ్ళోనే ఉంది. ఎం.ఎస్. మక్తా చూడండి. ఖైరతాబాద్ పక్కన, రాజ్‌భవన్ వెనక ఉండే ఆ బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు దేశ విదేశాల చిత్రకారులను తెచ్చి ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. మన ఊరి స్వాతి, విజయ్ జంట కూడా అక్కడ వేశారు. ఎప్పుడూ ఎవరూ తొంగిచూడని గల్లీల్లోకి కెమెరాలు పట్టుకుని జనం వచ్చారు, చాలా మంచి పని అది. ఇప్పుడు వెళ్ళి చూస్తే కొన్ని బాగానే ఉన్నాయి, కొన్ని వెలిసిపోయాయి. ఇంటివాళ్ళు పైన అంతస్తు వేసుకుంటే, గోడకు మళ్ళీ సున్నం కొట్టించుకుంటే బొమ్మ పోతుంది, ఇల్లు వాళ్ళది, వాళ్ళను తప్పుపట్టలేం. ఎండ చేసే పని వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును, దాన్ని గోడకు పట్టి ఉంచే జిగురును రెండింటినీ విరగ్గొడతాయి. ఎర్రని ఎరుపు, పచ్చని పసుపు ముందుగా పాలిపోతాయి, మట్టిరంగులు కొంచెం ఎక్కువ కాలం ఆగుతాయి. పడమటి ఎండ సూటిగా తగిలే గోడ మీద ఎంత గొప్ప చిత్రకారుడు వేసినా కొన్నేళ్ళకు తిరిగి వేయక తప్పదు. టూసాన్‌లో కూడా అంతే. తిరిగి వేయించడానికి డబ్బు పక్కన పెట్టుకుంటేనే రంగుల గోడ, లేకపోతే నాలుగేళ్ళ ముచ్చట.

టైల్ మీది రంగు అలా కాదు. అది పూసిన రంగు కాదు, కరిగిన గాజులో కలిసిపోయిన లోహపు భస్మం. కోబాల్ట్ ముదురు నీలం ఇస్తుంది, రాగి ఆకుపచ్చనీ మణినీలాన్నీ ఇస్తుంది, మాంగనీసు ఊదానూ గోధుమనూ ఇస్తుంది. బట్టీ వేడికి గాజు కరిగి మట్టి పలకకు అంటుకుపోయాక ఎండ దాన్ని ఏమీ చేయలేదు. దుమ్ము పడితే తడిబట్టతో తుడిస్తే చాలు. పోస్టర్ అతికించినా నీళ్ళు కొట్టి లాగేయవచ్చు.

ఇది నమ్మడానికి అరిజోనా దాకా పోనక్కర్లేదు. మదీనా చౌరస్తా నుంచి నాలుగడుగులు వేస్తే బాద్‌షాహీ అషూర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే 1590లలో దీన్నీ కట్టించాడు. మొహర్రంలో అలాలను, అంటే మన పీర్లను, నిలిపే చోటు. తర్వాతి ఏళ్ళలో, 1611 వరకూ, లోపలి గోడలకు టైల్స్ పని జరిగింది. ఇప్పుడు మనం ఇళ్ళల్లో వేసుకునే నలుచదరం టైల్స్ అనుకోకండి. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, దాన్ని పువ్వు రేకుగా, ఆకుగా, అక్షరంగా కోసి, ముక్క ముక్కా పక్కపక్కన పేర్చి గోడకు కూర్చారు. ఇరాన్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, అక్కడి ఎడారి ఊళ్ళలో మసీదులన్నీ ఇలాగే మెరుస్తాయి. కానీ మన గోడ మీద అక్కడి నీలాలతో పాటు ఆవపసుపు, గోధుమ రంగులు ధారాళంగా ఉంటాయి, అవి ఇక్కడికి వచ్చాక దక్కన్ ఇచ్చిన రంగులని నా నమ్మకం. మధ్య గోడ మీద అలం ఆకారమే టైల్స్‌లో పెద్దగా దిద్ది ఉంటుంది. పక్క గోడల మీద షడ్భుజాల అల్లిక. నాలుగు వందల ఏళ్ళు దాటాయి, ఆ పసుపు ఈ పొద్దున బట్టీలోంచి తీసినట్టే ఉంది. మధ్యలో ఔరంగజేబు సైన్యం వచ్చిన కాలంలో ఇక్కడ గుర్రాలు కట్టేశారని పెద్దలు చెబుతారు. అది కూడా దాటుకుని వచ్చింది.

అయితే గోడ కింది భాగం చూడాలి. అక్కడ టైల్స్ ఉండవు, టైల్స్ లాగా వేసిన రంగులు ఉంటాయి. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద నీళ్ళు ఇక్కడ నిలిచి కింది వరసలను ఊడ్చేశాయి, తర్వాత ఆ ఖాళీలను రంగుతో పూరించారు. అక్కడున్న పెద్దాయన ఒకరు చెయ్యి గోడకు ఆనించి "ఇదిగో అమ్మా, నీళ్ళు ఇక్కడి దాకా వచ్చాయి" అని చూపించారు. పైన పలక, కింద రంగు, ఒకే గోడ మీద. దగ్గరికెళ్ళి చూసిన ఎవరికైనా రెండింటి తేడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఎండకు లొంగని టైల్‌ను నీళ్ళు గెలిచాయి, అదెలాగంటే ముందు నుంచి కొట్టి కాదు, గోడలో ఊరి, వెనక నుంచి పట్టు వదిలించి.

టూసాన్ పక్కన ఉన్న శాన్ హావియర్ చర్చిలో కూడా నేను సరిగ్గా ఇలాంటిదే చూశాను. 1783 నుంచి 1797 దాకా కట్టారు, తోహోనో ఓధమ్ అనే ఆదివాసీల ఊళ్ళో ఉంటుంది, ఎడారి మధ్యన తెల్లగా. లోపల గోడలన్నీ బొమ్మలే, అందులో కింది భాగాన టైల్స్‌లా కనిపించేది నిజానికి టైల్స్ లాగా వేసిన రంగు. అంత దూరం, అంత ఎడారికి నిజమైన టైల్స్ ఎవరు మోసుకొస్తారు. ఆ చర్చికి 20వ శతాబ్దంలో బాగు చేస్తున్నామనుకుని సిమెంటు పూశారు. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది, లోపలికి పోయిన తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. దాంతో తేమ లోపలే ఉండిపోయి బొమ్మల మీదకు ఉబికింది. 1990లలో నిపుణులు వచ్చి లోపలి బొమ్మలను బాగు చేశారు, ఆ పనిలో ఓధమ్ యువకులకు కూడా శిక్షణ ఇచ్చారు. బయట సిమెంటు గీకి తీసేసి, నాగజెముడు లాంటి కాక్టస్ రసం కలిపిన సున్నం మళ్ళీ పూశారు. మన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కూడా 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు చేసింది ఇదే కదా, సిమెంటు తీసేసి సున్నం గచ్చు పెట్టడం. ఆ సమాధుల్లో కొన్నింటి మీద కూడా ఒకప్పుడు రంగు టైల్స్ ఉండేవి, ఇప్పటికీ అక్కడక్కడ ఆ జాడలు కనిపిస్తాయి. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళు ఒకే పాఠం నేర్చుకున్నాయి, ఆ పాఠం కొత్త స్టేషన్లకూ పనికొస్తుంది. టైల్స్ ఎంత మంచివైనా వాటి వెనక గోడ నెమ్ము పట్టకుండా, పైనుంచి పైపు కారకుండా చూడకపోతే మొత్తం ఊడిపోతాయి. టైల్స్ పని అంటే సగం పని గోడ పనే.

మనవాళ్ళకు టైల్ శక్తి తెలియక కాదు. అపార్టుమెంటు మెట్ల మూలల్లో, ఆఫీసుల ప్రహరీ గోడల కింద వెంకటేశ్వరస్వామిని, మక్కాను, ఏసుప్రభువును, గురునానక్‌ను వరసగా చిన్న టైల్స్ మీద అతికిస్తాం. ఉమ్మేయకుండా, మూత్రం పోయకుండా. నాకు అవి చూస్తే ప్రతిసారీ బాధేస్తుంది, దేవుళ్ళను కాపలాకు పెట్టడం ఏమిటి అని. అదే చోట ఆ వీధిలో పుట్టి పెరిగిన మనుషుల ముఖాలుంటే, ఆ ముఖాల్లో ఒకటి తన తాతది అయితే, ఎవరూ చెప్పకుండానే ఆ గోడను ఆ వీధివాళ్ళే చూసుకుంటారు. ఫోర్త్ ఎవెన్యూ అండర్‌పాస్‌లో నాకు కనిపించింది అదే.

చేయాలంటే ఎలా చేయాలో కూడా చెబుతాను. మొదట ఫోటోలు. ఆస్తి పోయిన ప్రతి కుటుంబానికీ పరిహారం కాగితాలతో పాటు ఒక చిన్న ఫారం ఇవ్వొచ్చు, మీ ఇంటి, మీ షాపు పాత ఫోటోలు ఉంటే స్కాన్ చేసుకుని అసలువి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం అని. పెళ్ళి ఊరేగింపుల ఫోటోలుంటాయి, బోనాల ఘటం వెళ్తున్న ఫోటోలుంటాయి, పీర్ల ఊరేగింపు, బీబీకా అలం ఏనుగు మీద పోతున్న ఫోటోలు మిద్దెల మీద నుంచి తీసినవి ఉంటాయి. చార్మినార్ ముందు అప్పటికప్పుడు ఫోటో తీసి ఇచ్చే వాళ్ళ దగ్గర తీయించుకున్నవి, 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్‌లో తీయించుకున్నవి ఇంటికొకటైనా ఉంటాయి. రెండోది, ఒప్పుకోలు. కొన్ని కుటుంబాలకు ఆడవాళ్ళ ఫోటోలు గోడ మీద పెట్టడం ఇష్టముండదు, కొందరికి అసలు మనుషుల బొమ్మలే ఇష్టముండవు. అలాంటి చోట వాళ్ళ గుమ్మం, షాపు బోర్డు, కిటికీ జాలీ, వాళ్ళు చేసే పని తాలూకు చేతులు, లక్కగాజులో అత్తరు సీసాలో, పెట్టొచ్చు. మసీదులకు, అషూర్‌ఖానాలకు దగ్గరగా ఉన్న గోడల మీద బాద్‌షాహీ అషూర్‌ఖానా షడ్భుజాలు, ఆకుల అల్లికలే పెడితే అందరికీ బాగుంటుంది. అడగకుండా మాత్రం ఒక్క ముఖం కూడా పెట్టకూడదు.

పని చేసేవాళ్ళు ఇక్కడే ఉన్నారు. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో లలితకళల విభాగం ఉంది. మట్టి పని, బట్టీ పని తెలిసిన కుమ్మరి కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళకు ఈ రోజుల్లో పని తక్కువ. టెండర్ పిలిచి ఎక్కడో ప్రింటు చేసిన టైల్స్ తెచ్చి అంటించేస్తే పదేళ్ళలో పై పొర అరిగి బొమ్మ పోతుంది. రంగును గ్లేజులోనే వేసి కాల్చాలి, అప్పుడే అది నిలుస్తుంది. టూసాన్‌లో ప్రభుత్వ నిర్మాణాల ఖర్చులో 1 శాతం కళకు కేటాయించే నియమం ఉంది. మనం అంత పెట్టకపోయినా ఈ దారిలో ఉన్న స్టేషన్లకు సరిపడా ఖర్చు కోట్ల ప్రాజెక్టులో ఎక్కడా కనిపించదు.

మూడోది పేర్లు, ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. మన ఫ్లైఓవర్ల కింద, పార్కు గోడల మీద వేసిన బొమ్మల్లో ఎన్నింటికి వేసినవాళ్ళ పేరుంది? ఎవరో రాత్రిళ్ళు నిచ్చెనలెక్కి వేసి వెళ్ళారు, వాళ్ళెవరో మనకు తెలియదు. ఈ గోడల మీద ఫోటోలో ఉన్నవాళ్ళ పేరు, ఏ సంవత్సరం, ఏ ఇల్లు, టైల్ చేసినవాళ్ళ పేరు, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. ఊరికే "పాత హైదరాబాద్ దృశ్యం" అని రాస్తే ఏమీ రాయనట్టే.

ఈ దారిలో మీర్ మోమిన్ దాయిరా ఉందని పైన రాశాను. మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చి, కుతుబ్‌షాహీ పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, ఈ నగరానికి గీతలు గీసినవాడు. ఆయన సమాధి ఉన్న చోటి పక్క నుంచే రైలు పోతుంది. ఆయన రోజుల్లో వచ్చిన పనితనాన్ని ఆయన ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా సరైన రోడ్డు నాకు తోచడం లేదు.

స్టేషన్లు పూర్తవడానికి ఇంకా సమయం ఉంది గానీ ఫోటోలకు అంత సమయం లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలు, చెదపట్టిన ఆల్బమ్‌లు ముందుగా పాత సామాను బండికి వెళ్ళిపోతాయి. ఫోటోలో ఉన్నది ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్ళు కూడా ఎల్లకాలం ఉండరు. అందుకే ఆ రోడ్డు మీద ఉన్న పాఠకులను నేను కోరేది, ఈ ఆదివారమే ఆల్బమ్ తీయండి, ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి ఫోటో వెనక పెన్సిల్‌తో పేరు, చోటు, వీలైతే ఏడాది రాయండి. పెన్నుతో వద్దు, సిరా ముందుకు దిగుతుంది.

మిమ్మల్ని కోరేది, మీ సిటీ ఎడిషన్‌లో వారానికి ఒక పావు పేజీ ఈ ఫోటోలకు ఇవ్వండి. ప్రభుత్వం ఒప్పుకునే లోపు మీ దగ్గరైనా అవి పోగవుతాయి, రేపు ఎవరైనా గోడ కట్టడానికి ముందుకొస్తే వెతుక్కునే పని ఉండదు. శాలిబండలో మా తాతగారి బట్టల షాపు ముందు తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది, వెనక పేర్లన్నీ రాసి ఉన్నాయి. ఎక్కడికి పంపాలో పత్రికలో వేయండి, నేను మొదటిగా పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్